ఛార్జింగ్ ఆగట్లేదు

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పాలేరు పొంగి గరికపాడు దగ్గర వంతెనను దెబ్బతీసింది. హైదరాబాద్–విజయవాడ హైవే మీద రాకపోకలు తెగిపోయాయి. అంతకు ముందు ఏడాది జులై చివర్లో మున్నేరు నీళ్లు నందిగామ దగ్గర ఐతవరం వద్ద అదే హైవే మీదికెక్కి బస్సుల్నీ లారీల్నీ నిలబెట్టేశాయి. ఇలాంటి వరదల్లో ముందు పోయేది కరెంటు. సెల్‌టవర్ కింద వరసగా పేర్చిన బ్యాటరీలు ఉంటాయి గనుక అది ఇంకొన్ని గంటలు నిలబడుతుంది. తర్వాత జనరేటర్‌కు డీజిల్ తేవాలి. రోడ్డే మునిగినప్పుడు డీజిల్ ఎలా వస్తుంది? అలా ఒక టవర్ ఆగిపోయిందంటే, దాని కింద ఉన్న ఫోన్లన్నీ ఇంకెక్కడో దూరాన నిలిచి ఉన్న టవర్‌ను వెతుక్కోవడం మొదలుపెడతాయి. ఆ వెతుకులాట ఖర్చుతో కూడిన పని. మేడ మీద కూర్చుని ఎవరికీ ఫోన్ చేయకుండా జాగ్రత్తపడ్డ మనిషి ఫోన్లోనూ ఛార్జింగ్ మామూలు రోజుకన్నా ముందే దిగిపోతుంది. పడవ కోసమో, పాల కోసమో, ముసలివాళ్ల మందుల కోసమో ఫోన్ తప్పనిసరైన రోజునే అలా జరుగుతుంది.

దీన్ని దురదృష్టం అని వదిలేయడం నాకు ఇష్టం లేదు. ఇందులో ప్రతి మెట్టుకూ కారణం ఉంది, కొలత ఉంది. ఫోన్లో ఛార్జింగ్ ఎంతసేపు ఆగుతుందో పెట్టె మీద అచ్చు వేసి ఇస్తారు గానీ, నిజానికి అది చోటును బట్టి మారే లెక్క. ఎండ ఎంత, టవర్ ఎంత దూరం, మధ్యలో ఏముంది, ఎక్కడో కూర్చుని రాసిన ప్రోగ్రాం ఈ మూడింటి గురించి ఏమనుకుంది అనేవాటి మీద ఆధారపడుతుంది. జగ్గయ్యపేట, నందిగామ వైపు మెట్టప్రాంతంలో ఈ లెక్క వాడేవాళ్లకు ఎందుకు ఎదురు తిరుగుతుందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ముందు బ్యాటరీ అనే సంచిలో ఎంత ఉందో చూడాలి. ఇప్పటి ఫోన్ల మీద సాధారణంగా 5000 ఎంఏహెచ్ అని ఉంటుంది. దాన్ని బ్యాటరీ సగటు వోల్టేజి 3.85తో గుణిస్తే 19 వాట్-అవర్లకు కాస్త పైన వస్తుంది. ఇంటి మీటరు లెక్కలో చూస్తే, ఛార్జర్‌లో వేడిగా పోయేది కూడా కలుపుకుని, ఒక్క యూనిట్‌తో ఫోన్‌ను సుమారు నలభైసార్లు నింపవచ్చు. అంత కొంచెం. ఆ 19ని 24 గంటలకు పంచితే 0.8 వాట్. స్క్రీను, ప్రాసెసరు, స్పీకరు, రేడియో అన్నీ కలిసి సగటున ఆ 0.8 వాట్‌లోనే సర్దుకోవాలి. మిట్టమధ్యాహ్నం బయట స్క్రీను పూర్తి వెలుతురులో పెడితే ఒక్క స్క్రీనే ఒక వాట్ దాటుతుంది. రేడియో పూర్తి జోరు మీద ఉంటే అది కూడా ఒంటరిగానే వాట్ దాటేస్తుంది. అయినా ఫోన్ సాయంత్రం దాకా నిలుస్తోందంటే, జేబులో ఉన్నంతసేపూ దాదాపుగా నిద్రపోతోంది కాబట్టి. నిద్రలో కూడా అది టవర్‌ను పూర్తిగా మరచిపోదు. 4జీలో సాధారణంగా 1.28 సెకన్లకోసారి కళ్లు తెరిచి, తనకేమైనా కాల్ ఉందేమో చూసుకుని మళ్లీ పడుకుంటుంది. ఛార్జింగ్ త్వరగా దిగుతోందంటే ఏదో ఆ నిద్ర చెడగొడుతోందన్నమాట.

మన దగ్గర ఆ నిద్రను ఎక్కువగా చెడగొట్టేది సిగ్నలే. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే కొలతలో చెబుతారు. ఆండ్రాయిడ్ ఫోన్లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి అబౌట్ ఫోన్, అందులో సిమ్ స్టేటస్ చూస్తే మైనస్ గుర్తుతో ఒక అంకె కనబడుతుంది. మైనస్ 80 దగ్గరుంటే హాయి. మైనస్ 110కి దిగితే బలహీనం. మైనస్ 120 అంటే మాట తెగిపోయే అంచు. పైన కనిపించే గీతలను నమ్ముకోనక్కరలేదు. ఎన్ని డీబీఎంకు ఎన్ని గీతలు చూపాలో అందరికీ ఒకే నియమం లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో లెక్క. ఈ కొలతలో ప్రతి పది అంకెలకూ బలం పది రెట్లు మారుతుంది. మైనస్ 80కీ మైనస్ 120కీ మధ్య తేడా పదివేల రెట్లు. ఒకే ఊళ్లో అరుగు మీద నిలబడ్డ మనిషికీ లోపలి గదిలో పడుకున్న మనిషికీ మధ్య కూడా ఇందులో పెద్ద భాగమే తేడా రావచ్చు.

టవర్ మాట ఫోన్‌కు నీరసంగా చేరుతోందంటే, ఫోన్ మాట కూడా టవర్‌కు అంతే నీరసంగా చేరుతుంది. ఆ సంగతి టవర్ గమనిస్తూనే ఉంటుంది. బలం పెంచు, తగ్గించు అని సెకనులో ఎన్నోసార్లు ఫోన్‌కు ఆదేశాలు పంపుతుంది. టవర్ పక్కనే ఉంటే మిల్లీవాట్‌లో చిన్న వంతు చాలు. దూరంగా ఉంటే 4జీ ఫోన్ 200 మిల్లీవాట్ల దాకా పోవాలి. అదే దానికున్న హద్దు. యాంటెన్నా దాటి బయటికి పోయేది 200 మిల్లీవాట్లే గానీ, దాన్ని పుట్టించే యాంప్లిఫయర్ లాక్కునేదాంట్లో ఎక్కువ భాగం వేడిగా పోతుంది, తోడుగా మిగతా రేడియో చిప్పులన్నీ మేలుకుని ఉండాలి. అందుకే సిగ్నల్ అందని చోట మాట్లాడుతుంటే చెంపకు ఫోన్ వేడిగా తగులుతుంది. ఆ వేడి బ్యాటరీలోంచి వచ్చిందే.

ఖాళీ ఆకాశంలో దూరం రెట్టింపైతే రేడియో తరంగం బలం నాలుగో వంతుకు పడిపోతుంది. నేల మీద ఇళ్లు, చెట్లు, దిబ్బల మధ్య అయితే పదో వంతుకు కూడా పడిపోతుంది. దివిసీమ వైపు డెల్టా నేల బల్లపరుపు. జగ్గయ్యపేట వైపు నేల అలా ఉండదు. సున్నపురాయి దిబ్బలు, పాలేరూ మున్నేరూ కోసిన పల్లాలు, కృష్ణ ఒడ్డుకు దిగిపోయే వేదాద్రి, ముక్త్యాల. టవర్లు జనం, రాకపోకలు ఎక్కువున్న చోట దగ్గర దగ్గరగా ఉంటాయి. హైవే వదిలి పల్లంలోకి దిగిన ఊరికి ఆ టవర్ కనుచూపులో ఉండకపోవచ్చు. నందిగామ, కంచికచర్ల వైపు సుబాబుల్ తోటలు పెంచుతారు. ఆకుల్లో ఉన్న నీరు రేడియో తరంగాల్ని పీల్చుకుంటుంది. ఇక ఇళ్లు. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాల దగ్గర కేసీపీ, ఇలా సిమెంటు పుట్టే నేల ఇది. ఒక కాంక్రీట్ స్లాబు, ఒక గోడ కలిసి సిగ్నల్‌ను పదో వంతుకో, నూరో వంతుకో తగ్గించగలవు, లోపలున్న ఇనుప చువ్వలు అందుకు తోడు. సిమెంటు రేకుల కప్పు అంతగా అడ్డు రాదు. ఇనుప రేకు మాత్రం దాదాపుగా మూతే. రేకుల షెడ్డు కొట్లలో కిటికీ దగ్గర ఫోన్ పెట్టుకుని కూర్చునేవాళ్లు ఈ పాఠం ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నారు.

గరికపాడు చెక్‌పోస్టు దాటి కోదాడ వైపు పోతే రాష్ట్రం మారుతుంది. టెలికం లైసెన్సుల లెక్కలో మాత్రం 2014 తర్వాత కూడా రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి ఒక్కటే సర్కిల్. సరిహద్దు దాటినంత మాత్రాన ఫోన్ కొత్త నెట్‌వర్క్‌లో పేరు నమోదు చేసుకోనక్కరలేదు. బస్సులో హైదరాబాద్ పోతుంటే ఛార్జింగ్ దిగేది టవర్ తర్వాత టవర్‌కు మారుతూ పోవడం వల్ల, బస్సు ఇనుప ఒళ్లు దాటి మాట్లాడాల్సి రావడం వల్ల.

రేడియో ఖర్చులో అంతగా కంటికి కనపడని భాగం ఇంకొకటి ఉంది. వాట్సాప్‌లో ఒక శుభోదయం బొమ్మ వచ్చింది. దించుకోవడానికి అర సెకను పట్టింది. ఆ అర సెకనుతో పని అయిపోదు. మడికి నీళ్లు పెట్టడం అయ్యాక, పక్క మడికి కూడా కావాలంటారేమోనని ఆయిలింజన్‌ను ఆపకుండా కాసేపు ఊరికే తిప్పినట్టు, ఫోన్ రేడియో కూడా ఇంకేదైనా వస్తుందేమోనని కొన్ని సెకన్లు మేలుకునే ఉంటుంది. ఎంతసేపు ఉండాలో ఫోన్ నిర్ణయించదు, నెట్‌వర్క్ చెబుతుంది. పని అయ్యాక ఇలా సాగే ఈ తోక ఖర్చును 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు కొలిచారు. 3జీలో ఒక మామూలు బదిలీకి అయ్యే శక్తిలో దాదాపు 60 శాతం పని అయిపోయిన తర్వాతే పోతోందని తేల్చారు. 2012లో మిషిగన్ విశ్వవిద్యాలయం బృందం 4జీని కొలిస్తే తోక సుమారు 11.6 సెకన్లు, ఆ కాసేపూ వాడకం ఒక వాట్‌కు కాస్త పైన తేలింది.

ఈ అంకెలతో ఒక లెక్క వేద్దాం. 11.6 సెకన్ల పాటు 1.06 వాట్ అంటే 12 జౌళ్ల పైచిలుకు. నిమిషానికొక సందేశం చొప్పున రోజంతా వస్తుంటే, ఒక్క తోకలకే దాదాపు 4.9 వాట్-అవర్లు. మన 19లో నాలుగో వంతు. ఫోన్ ముట్టుకోకుండానే! ఇప్పటి మోడెములు 2012 నాటికన్నా పొదుపైనవి. తోకలో కూడా మధ్యమధ్య కునుకు తీసే ఏర్పాటు వచ్చింది. అంకె తగ్గింది, తీరు మారలేదు. అందుకే పదిహేను వాట్సాప్ గ్రూపులు, మూడు వార్తల యాప్‌లు, రెండు ఆటల యాప్‌లు ఒక్కొక్కటీ చిన్నగా చిటికె వేస్తుంటే, గంటసేపు వరసగా సినిమా చూసినంత నష్టం జరిగిపోతుంది. సందేశాలన్నీ ఒకేసారి గుంపుగా వస్తే ఖర్చు తక్కువ. చెదురుమదురుగా వస్తేనే నష్టం.

మిషిగన్ బృందం తేల్చినదాంట్లో ఇంకో సంగతి మన పల్లెలకు మరీ దగ్గరది. అదే వేగంతో దించుకోవడం కన్నా పంపడానికి అయ్యే అదనపు ఖర్చు ఎనిమిది రెట్లకు పైన. ఇది ఎవరికి తగులుతుందో చూడండి. ఉపాధి హామీ పనుల దగ్గర కూలీల హాజరును ఫోన్‌తో వేయాలన్న నియమం 2023 జనవరి 1 నుంచి దేశమంతా తప్పనిసరి అయింది. అందుకోసం పెట్టిన ఎన్ఎంఎంఎస్ యాప్‌లో రోజుకు రెండుసార్లు, చోటూ సమయమూ నమోదయ్యేలా ఫొటో తీసి పంపాలి. ఆ పనులు ముమ్మరంగా సాగేది ఎండాకాలంలో. చెరువు పూడిక తీసే చోటో, పొలం మధ్య కాలవ గట్టు మీదో కూలీల పని చూసే మేట్ నిలబడి, ఎండకు కనపడదని స్క్రీను వెలుతురు పూర్తిగా పెంచి, కెమెరా తెరిచి, జీపీఎస్ ఆన్ చేసి, సిగ్నల్ అందని చోట నుంచి ఫొటో పైకి పంపుతారు. ఫోన్‌లో ఖర్చు ఎక్కువైన భాగాలన్నీ ఒక్కసారే నడుస్తాయి. 2 ఎంబీ ఫొటో అనుకుందాం. సెకనుకు 10 మెగాబిట్ల వేగం దొరికితే రెండు సెకన్లు కూడా పట్టదు. వేగం 0.1 మెగాబిట్‌కు పడిపోతే రెండున్నర నిమిషాలు దాటుతుంది. రేడియో రెండు వాట్లు లాగుతోందనుకుంటే ఒక్క ఫొటోకు అర శాతం ఛార్జింగ్ పోయినట్టు. మధ్యలో తెగిపోతే మళ్లీ మొదటి నుంచి. బ్యాటరీ బాగా వాడేసిన ఫోన్ అయితే ఆ భారానికి ఏకంగా ఆరిపోవచ్చు. మేట్ చేతిలో ఉన్నది సొంత ఫోన్ అయితే, ఆ బ్యాటరీ అరుగుదల కూడా వాళ్ల సొంత ఖర్చే. హాజరు యాప్ రూపొందించేవాళ్లు ఫొటోను చిన్నది చేసి దాచుకుని, సిగ్నల్ బలం పెరిగాకే పంపేలా రాయడం కష్టమైన పనేమీ కాదు. అది దయతో చేసేది కూడా కాదు, మంచి ఇంజనీరింగ్.

ఇప్పుడు 5జీ సంగతి. మన దేశంలో 2022 అక్టోబరు 1న మొదలైంది. డిసెంబరు 26న జియో 5జీ విజయవాడ, గుంటూరు, విశాఖపట్నం, తిరుమలలకు వచ్చింది. 5జీ మొదలయ్యేనాటికే 5జీ ఫోన్ల పేరుతో కొన్నవి చాలామంది చేతుల్లో ఉన్నాయి, అయినా వాటిలో కొన్నిటికి ఇక్కడి 5జీ పలకలేదు. దాన్ని తెరిచింది అప్‌డేటే. ఐఫోన్లకు 2022 డిసెంబరు 13న వచ్చిన ఐఓఎస్ 16.2తో ఆ తాళం తీశారు. ఆండ్రాయిడ్ కంపెనీలు కూడా ఆ నెలల్లోనే తమ తమ అప్‌డేట్లు పంపాయి. ఒక్క రాత్రిలో ఫోన్ స్వభావం మారింది. నిన్నటిదాకా 4జీతో తృప్తిగా ఉన్న ఫోన్ ఇవాళ 5జీ ఉందేమోనని చూస్తూ ఉంటుంది. విజయవాడలో దొరికితే సరే. దొరకని పల్లెలో, లేదా అంచున దొరికీ దొరకని చోట, అది పైకీ కిందికీ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. అలాంటప్పుడు "అప్‌డేట్ కొట్టాక ఛార్జింగ్ ఆగట్లేదు" అన్న మనిషిది భ్రమ కాదు. అయితే అప్‌డేట్ ఫైల్లో లోపం వెతికితే దొరకదు. కారణం ఆ అప్‌డేట్‌కూ ఆ ఊరి టవర్‌కూ మధ్య కుదరని పొత్తులో ఉంది.

5జీలో పద్ధతులు కూడా రెండు. జియో మొదటి నుంచీ 5జీని సొంతగా నిలబెట్టింది. ఎయిర్‌టెల్ మొదట 4జీ ఆసరా మీద నడిచే పద్ధతి తీసుకుంది. ఆసరా పద్ధతిలో ఫోన్ ఒకేసారి రెండు రేడియో బంధాలు నిలబెట్టుకోవాలి, దానికి ఖర్చు ఎక్కువ. పౌనఃపున్యం తేడా కూడా ఉంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, గోడలు దాటుతుంది. 3300 మెగాహెర్ట్జ్ పైన ఉన్నది వేగం ఇస్తుంది గానీ దూరం పోదు. టవర్‌కు బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంది కాబట్టి దాని మాట మనదాకా వస్తుంది. 200 మిల్లీవాట్ల ఫోన్ తిరిగి పలకడానికే ఇబ్బంది. సిగ్నల్ నిలకడగా లేని ఊళ్లో ఉండేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రకాన్ని 4జీకి కట్టేసి రెండు రోజులు చూడండి. తేడా కనపడితే అలాగే ఉంచేయండి. మనలో చాలామంది ఫోన్లలో ఉండే రెండో సిమ్ కూడా విడిగా టవర్‌ను కనిపెట్టుకుని ఉంటుంది. ఒక సిమ్‌కు అసలు సిగ్నల్ లేని ఊళ్లో దాన్ని ఆపేయడం వల్ల వచ్చే ఆదా కూడా చిన్నదేం కాదు.

అప్‌డేట్ మీద పడే నిందల్లో ఎక్కువ భాగం మొదటి రెండు రోజులవే. వ్యవస్థ మారినప్పుడు యాప్‌లను కొత్తగా సిద్ధం చేయాలి, ఫొటోలను మళ్లీ వరసబెట్టాలి, యాప్‌లన్నీ తమ తమ కొత్త రూపాలు దించుకోవాలి. 2016లో వచ్చిన ఆండ్రాయిడ్ 7 నుంచి ఈ పనిలో కొంత భాగాన్ని ఫోన్ ఖాళీగా ఉండి, ఛార్జర్‌కు తగిలించి ఉన్నప్పుడే చేసేలా మార్చారు. రాత్రి ఛార్జింగ్‌కు పెట్టి వదిలేసేవాళ్లకు అది తెలియకుండానే అయిపోతుంది. పగలు అరగంట, సాయంత్రం పావుగంట ముక్కలుగా ఛార్జింగ్ పెట్టేవాళ్లకు అది రోజుల తరబడి సాగుతుంది. అప్‌డేట్లతో మేలు జరిగిన సందర్భాలూ ఉన్నాయి. 2015 నాటి ఆండ్రాయిడ్ 6లో డోజ్ అనే ఏర్పాటు వచ్చింది. స్క్రీను ఆపి ఫోన్‌ను కదలకుండా పెడితే, యాప్‌లు ఎప్పుడుపడితే అప్పుడు నెట్‌వర్క్‌ను లేపకుండా కట్టడి చేసి, అన్నిటికీ కలిపి అప్పుడప్పుడూ ఒక్క వ్యవధి ఇస్తుంది. పైన చెప్పిన తోకలన్నిటినీ కలిపి ఒక్క తోక చేయడమే అది.

ఇక అన్నిటికన్నా నెమ్మదిగా, తిరిగి రాకుండా జరిగే నష్టం ఎండ వల్ల. భారత వాతావరణ శాఖ రోజూ ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికలో నందిగామకు విడిగా ఒక వరస ఉంటుంది. మే నెలలో అక్కడి అంకెలు చూసేవాళ్లకు కొత్తగా చెప్పక్కరలేదు. లిథియం అయాన్ బ్యాటరీని 1991లో సోనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. దానికి పునాది వేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బ్యాటరీ లోపల గ్రాఫైట్ మీద సన్నని పొర ఒకటి ఏర్పడుతుంది. అది ఉండబట్టే బ్యాటరీ పనిచేస్తుంది. కానీ అది మెల్లమెల్లగా మందమవుతూ లిథియంను మింగేస్తుంది. మింగిన లిథియం మళ్లీ ఛార్జ్ మోయదు. ఈ రసాయన చర్యల వేగం పది డిగ్రీలు పెరిగితే సుమారు రెట్టింపవుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే ఇంకా ఎక్కువ. కెనడాలోని కాడెక్స్ సంస్థ నడిపే బ్యాటరీ యూనివర్సిటీ పట్టిక ప్రకారం, 40 శాతం ఛార్జ్‌తో 25 డిగ్రీల్లో ఊరికే దాచిన బ్యాటరీకి ఏడాది తర్వాత 96 శాతం సామర్థ్యం మిగులుతుంది. పూర్తిగా నింపి 40 డిగ్రీల్లో ఉంచితే 65. వాడనే వాడలేదు, ఎండలో కూర్చుంది అంతే!

చాలా ఫోన్ బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టదగిన హద్దు 45 డిగ్రీలు. అది గాలి వేడి కాదు, బ్యాటరీ వేడి. మధ్యాహ్నం రేకుల కింద గదిలోనే 42 ఉంటే, ఛార్జింగ్ వల్ల పుట్టే వేడి కలిసి ఆ హద్దు దాటడం ఎంతసేపు? అప్పుడు ఫోన్ తానే ఛార్జింగ్ నెమ్మది చేస్తుంది, లేదా ఆపేస్తుంది. ఛార్జర్ పాడైందనుకుని కొత్తది కొనేవాళ్లు ఉంటారు. దానికి బదులు కవర్ తీసేసి, తెల్లవారుజామున ఛార్జింగ్ పెట్టి చూస్తే సంగతి తేలిపోతుంది. మిర్చి కళ్లంలో పట్టా మీద ఎండలో పెట్టిన నల్ల గాజు ఫోన్ గాలి కన్నా చాలా ఎక్కువ వేడెక్కుతుంది. సిగ్నల్ లేని చోట దాని రేడియో కూడా లోపలి నుంచి కాలుస్తుంటుంది. మెట్టప్రాంతంలో ఎండ, దూరపు టవర్ ఒకదానికొకటి తోడయ్యేది ఇలాగే.

ముసలిదైన బ్యాటరీలో సామర్థ్యం తగ్గడం ఒక్కటే కాదు, లోపలి నిరోధం కూడా పెరుగుతుంది. స్క్రీను మీద కనిపించే శాతం, లోపలికీ బయటికీ ఎంత కరెంటు పోయిందో లెక్కగట్టి వేసే అంచనా. 20 శాతం ఉందని అది చెబుతుండగానే రేడియో ఒక్కసారి గట్టిగా లాగితే వోల్టేజి జారిపోయి ఫోన్ ఆరిపోతుంది. ఆపిల్ కథంతా ఇక్కడే మొదలైంది. అలా ఆరిపోకుండా 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 ద్వారా పాత బ్యాటరీ ఫోన్ల ప్రాసెసర్ జోరును తగ్గించింది. వాడేవాళ్లకు స్పష్టంగా చెప్పలేదు. డిసెంబరులో ఫోన్ల వేగం కొలిచే గీక్‌బెంచ్ రూపకర్త జాన్ పూల్ తన దగ్గరున్న కొలతల్ని బయటపెట్టేసరికి గుట్టు తెలిసింది. ఆపిల్ క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధర తగ్గించింది. ఇటలీ 2018లో ఆపిల్‌కూ, పాత ఫోన్లను నెమ్మదింపజేసే అప్‌డేట్లకు గాను శాంసంగ్‌కూ జరిమానా వేసింది. ఫ్రాన్స్ 2020లో ఆపిల్‌కు 2.5 కోట్ల యూరోలు వేసింది. ఇంజనీరింగ్ పరంగా ఆపిల్ చేసిన పని సబబైనదే, ఆరిపోయే ఫోన్ కన్నా నెమ్మదైన ఫోన్ మేలు. దాచడం మాత్రం అన్యాయం. బ్యాటరీ మారిస్తే చాలన్న నిజం తెలియక కొత్త ఫోన్ కొన్నవాళ్ల డబ్బు పోయింది.

ఇప్పుడు అప్‌డేట్లు నేరుగా బ్యాటరీ మీదే చేయి వేస్తున్నాయి. 2016లో మంటలంటుకున్న నోట్ 7 ఫోన్లను వెనక్కి రప్పించడానికి శాంసంగ్ వాటి ఛార్జింగ్‌ను 60 శాతం దగ్గర ఆపే అప్‌డేట్ పంపింది. 2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్లకు వచ్చిన అప్‌డేట్ కొన్నిటి బ్యాటరీ సామర్థ్యాన్ని కావాలనే తగ్గించింది. జులైలో పిక్సెల్ 6ఏ ఫోన్లలో 400 ఛార్జింగ్‌ల తర్వాత అదే జరిగేలా చేశారు. వేడెక్కే ప్రమాదం తప్పించడానికి. ఈ రెండూ మన దేశంలో అమ్మిన ఫోన్లే. ఉబ్బిన బ్యాటరీ చూసినవాళ్లెవరూ ఇలాంటి జాగ్రత్తను తప్పుపట్టరు. ఆ 400 లెక్క మాత్రం వేడి ఊళ్లో ఉన్నవాళ్లకూ చల్లని ఊళ్లో ఉన్నవాళ్లకూ ఒక్కటే.

పేటలోనో నందిగామలోనో సెల్ రిపేరు కొట్టుకు ఫోన్ పట్టుకెళ్లేముందు ఇంట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. రాత్రి పడుకునేటప్పుడు శాతం రాసుకుని ఫ్లైట్ మోడ్‌లో పెట్టి వదిలేయండి. పొద్దున్నకు రెండు మూడు శాతమే దిగితే, బ్యాటరీ, యాప్‌లు సరిగానే ఉన్నట్టు. మర్నాడు రాత్రి ఫ్లైట్ మోడ్ లేకుండా అదే చోట ఉంచితే పదీ పదిహేనూ దిగిందా, అది సిగ్నల్ ఖర్చు. దానికి బ్యాటరీ మార్చి లాభం లేదు. ఫ్లైట్ మోడ్‌లో కూడా బాగా దిగుతుంటే ఏదో యాప్ లోపల నడుస్తోంది, బ్యాటరీ సెట్టింగ్స్‌లో దాని పేరు కనపడుతుంది. శాతం మెట్లు మెట్లుగా పడిపోతూ, ఇరవై దగ్గర ఉన్నట్టుండి ఆరిపోతుంటే బ్యాటరీ అయిపోయినట్టే. మార్చేటప్పుడు కంపెనీ బ్యాటరీయే వేయించండి. డూప్లికేట్‌లో మిగిలే డబ్బు ఏడాదికే ఖర్చైపోవచ్చు. వరద హెచ్చరిక వచ్చిన రోజున ఈ లెక్కే ఇంకోలా పనికొస్తుంది. సిగ్నల్ పోయిందంటే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, గంటకోసారి మేడ మీదికెక్కి రెండు నిమిషాలు తెరిచి చూస్తే, రోజులో ఆరిపోవాల్సిన ఫోన్ మూడు రోజులు నిలవవచ్చు.

కొనేవాళ్లు ఇన్ని జాగ్రత్తలు నేర్చుకోవాల్సి రావడమే నాకు సరిగా తోచదు. ఐరోపా యూనియన్ 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే స్మార్ట్‌ఫోన్లకు 800 ఛార్జింగ్‌ల తర్వాత కూడా 80 శాతం సామర్థ్యం మిగలాలనీ, అమ్మకం ఆపిన తర్వాత కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలనీ నియమం పెట్టింది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. ఫోన్లకు మరమ్మతు సౌలభ్యాన్ని బట్టి మార్కులు వేయాలని ఆ శాఖ నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. విడిభాగాలు దొరకడం, విప్పడంలో తేలిక, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆ మార్కుల్లో ఉన్నాయి, బ్యాటరీ ముఖ్య భాగాల్లో ఒకటి. అందులో ఇంకొక్క గడి కలపాలని అడగాలి. పెట్టె మీద రాసే గంటల లెక్కను 25 డిగ్రీల గదిలో మంచి సిగ్నల్ దగ్గర ఒకసారి, 42 డిగ్రీల్లో మైనస్ 110 డీబీఎం దగ్గర ఇంకోసారి కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కనే ముద్రించాలి. రెండో పరీక్షకు కావలసిన పరికరాలన్నీ ఫోన్ కంపెనీల ప్రయోగశాలల్లో ఇప్పటికే ఉన్నాయి.